మతం చూసి విధేయత తేల్చే ప్రశ్నలు వద్దు

'ఫలానా చక్రవర్తి పతనానికి అతని మత విధానం ఎలా కారణమైంది?' చరిత్ర పరీక్షలో ఇలాంటి ప్రశ్న మన పిల్లలకు కొత్త కాదు. గైడులోని నాలుగు పాయింట్లు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. కానీ రాజు మతం వాళ్లంతా రాజు పక్షమని, మిగతావాళ్లు ఎదురు పక్షమని కూడా పిల్లలు తెలియకుండానే నేర్చుకుంటారు. మా అభ్యంతరం అక్కడే.

పాలకుల మతమే ప్రజల మతం కావాలని ఒకప్పుడు యూరప్‌ రాజ్యాలే శాసించాయి. 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం ప్రకారం జర్మన్ ప్రాంతాల్లో ఏ సంస్థానంలో ఏ శాఖ ఉండాలో పాలకుడే నిర్ణయించేవాడు. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్లకు 1598లో ఇచ్చిన హక్కులను పద్నాలుగో లూయీ 1685లో రద్దు చేశాడు. వేలాది కుటుంబాలు, వాటితోపాటు నేతపని, గడియారాల పని తెలిసినవాళ్లు దేశం విడిచిపోయారు. వాళ్లను వెళ్లగొట్టింది రాజ్యం పెంచుకున్న అనుమానమే.

మన చరిత్ర అయితే ఆ సూత్రానికి అసలు లొంగదు. గోల్కొండ సుల్తాను తానీషా దగ్గర మంత్రాంగం నడిపింది భద్రాచల రామదాసు మేనమామలు అక్కన్న, మాదన్న. 1687లో గోల్కొండను జయించిన ఔరంగజేబు ముస్లిం, ఓడిన తానీషా ముస్లిం. కోటలో చివరిదాకా పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ కూడా ముస్లిమే. ఇందులో ఎవరి విధేయతను మతంతో కొలుస్తాం?

2022లో కర్ణాటక పాఠ్యపుస్తకాల సవరణపై రేగిన వివాదంలో టిప్పు పాఠం కూడా ఉంది. టిప్పు మంగళూరు క్రైస్తవులను బందీలుగా పట్టుకెళ్లాడు, కొడవులపై దండెత్తాడు. 1791లో మరాఠా సేనల దోపిడీకి గురైన శృంగేరి మఠానికి సాయమూ చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన పూర్ణయ్య, 1799లో ఆయన మరణించాక ఒడెయర్లకు దివాన్ అయ్యాడు. ఇవన్నీ నిజాలే. బెంగళూరులో టిప్పు వేసవి భవనం, కోటె వెంకటరమణ గుడి పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క పూటలో రెండూ చూపించి రావచ్చు.

బోర్డు పరీక్షకు ఈ పాయింట్లే కావాలి కదా అని ఉపాధ్యాయులు అడగవచ్చు. అవి చెప్పండి, కాదనం. అంతర్గత మూల్యాంకనంలో మాత్రం ప్రశ్న తీరు మార్చండి: 'పూర్ణయ్య కొత్త పాలకుల దగ్గర ఎందుకు చేరి ఉంటాడు? మతం కాక ఇంకేమి కారణాలుండవచ్చు?' 'టిప్పు చేసిన రెండు పనులు ఒకదానికొకటి పొసగకపోతే ఏ ఆధారాలతో తేలుస్తావు?' గైడులో జవాబు దొరకదు, పిల్లలే ఆలోచించాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మనది భాషా మైనారిటీ బడి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే మన పిల్లలను 'నువ్వు ఎవరివాడివి?' అని రేపు ఎవరైనా అడగవచ్చు. భాషను చూసి తమ నిజాయితీని తేల్చవద్దని వాళ్లు చెప్పగలగాలంటే, మతాన్ని చూసి ఇతరుల నిజాయితీని తేల్చకూడదని ముందు తరగతిలో నేర్చుకోవాలి. ఈ వారం మీ పిల్లల చరిత్ర నోట్సు ఒకసారి తెరవండి. జవాబుల కంటే ముందు ప్రశ్నలు చదవండి.