నోవహు ఏడ్చెనా?

జలప్రళయ పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టరుగారూ, మునిగిపోయిన వారి కొఱకు నోవహు ఏడ్చెనా?" అని యడిగెను. పరీక్షలో రాని ప్రశ్నలేల యని వానిని గూర్చుండబెట్టితిని. అది తప్పని పిదప గ్రహించితిని.

బైబిలు కథవంటిది పరమతములలో నున్నదనగానే మనలో గొందఱు కలవరపడుదురు; కొందఱు "అది మననుండి హరించినదే" యందురు. రెండును తొందరపాటే. 1872వ సంవత్సరమున జార్జి స్మిత్తు అను నాతడు, బ్రిటిషు మ్యూజియములో నినెవె నగరపు మట్టిపలకలు చదువుచు, కొండపై నిలిచిన యోడయు, విడువబడిన పావురమును గల ప్రళయకథను గనుగొనెను. (ఈతడు మొదట నోట్ల అచ్చునకు పలకలు చెక్కువాడు, కళాశాలలో జదివినవాడు కాడు.) అట్టి కథనే చెప్పు అత్రహాసిసు కావ్యపు పలకలు దాదాపు 3600 ఏండ్లనాటివి. కావున హరించుట యను మాట మనమెత్తకుండుటయే మేలు.

నా మట్టుకు, కథలలోని పోలికలకంటె భేదములే విలువైనవి. అత్రహాసిసు కావ్యమున మనుష్యుల సందడిచే ఎన్లిలు దేవతకు నిద్ర పట్టలేదు, అందుచే ప్రళయము. ఆదికాండమున భూమి బలాత్కారముతో నిండినందున ప్రళయము. శతపథ బ్రాహ్మణములో మనువు చేతులు కడుగుకొనుచుండగా దొరకిన చిన్న చేప, పెద్ద చేపలనుండి తన్ను గాపాడుమని వేడును. తెలుగు పిల్లలు భాగవతములోని సత్యవ్రతుని కథగా దీని నెఱుగుదురు. అల్పప్రాణిపై జూపిన దయయే యచట రక్షణకు మొదలు. ఇది క్రైస్తవులును మెచ్చదగినది.

ఇక ఆ బాలుని ప్రశ్న. గిల్గమేషు కావ్యమున ఉత్నపిష్టిము గవాక్షము తెఱచి, జనులెల్ల మన్నైపోయిరని చూచి, కూర్చుండి యేడ్చును. ఖుర్ఆనులో నూహు తన కుమారుని ఓడలోనికి బిలుచును, వాడు రాడు, నడుమ నొక కెరటము వచ్చును. మన నోవహో! సొదొమ కొఱకు అబ్రాహాము ఏబదిమంది నుండి పదిమంది వఱకు బేరమాడెను గాని, నోవహు నోట నొక్క మాటయు వ్రాయబడలేదు. ఆతని మొదటి పలుకు ప్రళయానంతరము కనానునకు బెట్టిన శాపము. ఇది నన్ను చాలకాలము బాధించినది.

అయితే ఆఱవ అధ్యాయమును మరల జదువుడు. అచట దుఃఖపడినవాడు దేవుడు. అదియు వాన కురియకమునుపే. బాబిలోను దేవతల రోదనము నీళ్లు వచ్చిన తరువాతిది. తక్కిన కథలు చదువనిచో ఈ భేదము నాకు గనబడియుండదు.

ఈ యేడు ఆ పాఠము వచ్చినపుడు, మీ మీ యిండ్లలో వినిన ప్రళయకథలు ముందు చెప్పుడంటిని. మత్స్యావతారము చెప్పుట కైదుగురు లేచిరి. నూహు కుమారుని కథ చెప్పిన బాలుడు నడుమ నాగి, కొంతసేపటికి మరల జెప్పెను. గంట కొట్టినను ఎవ్వరును లేవలేదు. తొలుత నన్ను బ్రశ్నించినవాడు మాత్రము బడి విడిచి మూడేండ్లైనది.