మనం ఏం నేర్చుకోవాలో తేల్చే కుర్చీల్లో మనోళ్లెందుకు లేరు?



ఐటీఐలో ఏ ట్రేడ్ పెట్టాలి, స్కిల్ సెంటర్‌లో మూడు నెలల కోర్సులో ఏం చెప్పాలి, అప్రెంటిస్‌కి స్టైపెండ్ ఎంత ఇవ్వాలి... ఇవన్నీ క్లాసులో పాఠం చెప్పే మాస్టారు తేల్చేవి కాదు. పైన కౌన్సిళ్లుంటాయి. అవి సలహా ఇస్తాయి, ప్రభుత్వం జీవో ఇస్తుంది. సలహాయే కదా అని మనం పట్టించుకోం. అక్కడే దెబ్బ తింటున్నాం.

1961 అప్రెంటిస్ చట్టం తీసి చూడండి. ప్రతి ట్రేడ్‌లో ఎస్సీ, ఎస్టీలకి సీట్లు కేటాయించాలని 3ఏ సెక్షన్ చెబుతుంది. మంచిదే. అదే చట్టంలో 24వ సెక్షన్ కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్‌లో ఎవరు కూర్చోవాలో చెబుతుంది. యజమానుల ప్రతినిధులు, ప్రభుత్వాల ప్రతినిధులు, పరిశ్రమ, కార్మిక, సాంకేతిక విద్యా విషయాలు తెలిసిన నిపుణులు. పని నేర్చుకునే పిల్లల తరఫున ఒక్క కుర్చీ లేదు. అంటే నేర్చుకునే చోట మనకి వాటా ఉంది, నిర్ణయించే చోట లేదు. తర్వాత వచ్చిన సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లయితే పరిశ్రమ చేతిలోనే పుట్టాయి. వాటి తీరుని 2016లో కేంద్రమే వేసిన శారదా ప్రసాద్ కమిటీ గట్టిగా తప్పుబట్టింది.

ఇది మనకి కొత్త కాదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకలోళ్లని తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టారు. 1913 నాటి మాట. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పని నేర్పి బాగుచేస్తామన్నారు. ఆ పని ఏంటి? చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో కూలి. ఈత బరిగెలతో బుట్టలల్లే చెయ్యి, ఊరూరా ఉప్పు మోసి అమ్మిన అనుభవం, ఇవేవీ ఎవరి లెక్కలోకీ రాలేదు. కంపెనీకి ఏ చేతులు కావాలో అవే నేర్పారు. ఆ చట్టం పోయింది 1952లో.

ఇప్పుడు కృత్తివెన్ను, నాగాయలంక వైపు వెళ్లండి. చెరువు గట్టు మీద గుడిసెలో ఉండేది యానాది కుటుంబం. నీళ్ల రంగు చూసి, రొయ్య కదలిక చూసి ఏదో తేడా ఉందని చెప్పగలడు. పీతలు, చేపలు, వల, కాలవ, ఇవి వాళ్ల తాతల నాటి చదువు. కానీ అతని ఉద్యోగం పేరు కాపలా. అడ్వాన్స్ తీసుకున్నాడు కాబట్టి కదల్లేడు కూడా. ఆక్వా కోర్సు ఎలా ఉండాలో మాట్లాడేటప్పుడు ఇతన్ని పిలవాలని ఎవరికైనా తోచిందా?

మరి మనం కూర్చునే చోటు అసలు లేదా? ఉంది. ఐదో షెడ్యూల్ నాలుగో పేరా ప్రకారం ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్. చాలామంది అది ఏజెన్సీకే అనుకుంటారు. కాదు. రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగల సంక్షేమం, అభ్యున్నతి అని రాసుంది. అంటే విజయవాడ కాలవ కట్ట మీద ఉండే యానాది, ఎరుకల కూడా అందులోకి వస్తారు. చిక్కెక్కడంటే, గవర్నర్ పంపిన విషయం మీదే అది సలహా ఇవ్వాలి.

ఇంకో లెక్క చూడండి. కౌన్సిల్‌లో 20 మంది దాకా ఉండొచ్చు, అందులో సుమారు మూడొంతులు, అంటే 15, ఎస్టీ ఎమ్మెల్యేలకి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ రిజర్వుడు సీట్లు ఏడే. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. కృష్ణా డెల్టాలో ఒక్కటి లేదు. అయితే ఎమ్మెల్యేలు చాలకపోతే మిగతా సీట్లు ఆ తెగల్లోని ఇతరులతో నింపాలని అదే పేరాలో ఉంది. జనరల్ సీట్లో ఎస్టీ ఎవరూ గెలవకపోతే, పూర్తి కౌన్సిల్‌లో అవి ఎనిమిది సీట్లు!

కాబట్టి మన డిమాండ్లు రెండే. ఐటీఐ, పాలిటెక్నిక్, స్కిల్ కోర్సుల విధానాన్ని గవర్నర్ టీఏసీకి పంపాలి. ఆ ఎనిమిదిలో డెల్టా యానాది, ఎరుకల, సుగాలీలకి చోటివ్వాలి, అందులో ఒకరు ఐటీఐ చదివిన కుర్రాడో అమ్మాయో అయ్యుండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఈ వారం మీ మండలంలో అర్జీ రాయండి. పైన నాలుగో పేరా అని తప్పకుండా పెట్టండి, లేకపోతే సంక్షేమ శాఖ ఫైల్లో పడేస్తారు.