నువ్వే కుట్టావా?

పోయిన వేసవిలో రెండు వారాలు మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఎవరం అన్నం తినలేదు. దాని నిండా ఫోమ్ ముక్కలు, గ్లూ గన్, ఆకుపచ్చ నలుపు గళ్ల గుడ్డ. కథల్లోని పాత్రల వేషాలతో వెళ్లే ఒక కన్వెన్షన్ కోసం మా అబ్బాయి జపాన్ యానిమే ‘డీమన్ స్లేయర్’లోని తంజిరో వేషం కడుతున్నాడు. గళ్లు ఒకదానికొకటి కలవలేదని భుజం కుట్టు మూడుసార్లు విప్పాడు. హోంవర్కులో ఒక్క తప్పు దిద్దుకోమంటే మొహం చిట్లించే పిల్లాడు!

ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ “ఇది పగటివేషమే కదరా” అంది. కాదనలేకపోయాను. కాకపోతే పగటివేషగాడికి మనం చేటతో బియ్యం పోసేవాళ్లం. వీడు ఎదురు టికెట్ కొనుక్కుని వెళ్లాలి.

కన్వెన్షన్ జరిగిన శనివారం తోడుగా నేనూ వెళ్లాను. గుమ్మం దగ్గర వాలంటీర్లు వాడి ఫోమ్ కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, చూశామన్న గుర్తుగా రంగు పట్టీ కట్టారు. లోపల పది అడుగులు వేశామో లేదో, ముక్కూమొహం తెలియని ఓ అమ్మాయి ఆగి “ఫోటో తీసుకోవచ్చా?” అంది. ఆ వెంటనే “నువ్వే కుట్టావా?” అనడిగింది. అంతే, ఇంట్లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడేవాడు గళ్ల కథ మొత్తం విప్పాడు. అడగకుండా ఫోటో తీయకూడదనీ, వేషం కట్టినంత మాత్రాన చెయ్యి వేయనిచ్చినట్టు కాదనీ గోడల మీద రాసిపెట్టారు. ఓ మూల మరమ్మతు బల్ల. దాని మీద సూదులు, పిన్నీసులు, జిగురు. ఊడిన రెక్కలు, తెగిన బెల్టులు పట్టుకుని జనం అక్కడ వరస కట్టారు.

ఈ సరదా నిన్నటిది కాదు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్తు కాలపు దుస్తుల్లో వచ్చారు. రెండు జతలూ కుట్టింది డగ్లసే. పేరు మాత్రం ఎక్కువగా ఆకర్‌మన్‌దే వినబడుతుంది. ఇలా వేషం కట్టడానికి ‘కాస్‌ప్లే’ అనే మాట 1980లలో జపాన్‌లో నొబుయుకి తకహాషి పెట్టింది. 1970లో శాన్ డియేగోలో ఒక హోటల్లో కొన్ని వందల మందితో నడిచిన కామిక్-కాన్‌కు ఇప్పుడు 1,30,000 మంది దాకా వస్తున్నారు. హైదరాబాద్‌కూ కామిక్ కాన్ వచ్చేసింది.

కన్వెన్షన్‌లో ముక్కూమొహం తెలియని అమ్మాయి మావాణ్ణి అడిగింది “నువ్వే కుట్టావా?” అని. మరి ఇక్కడి మన తెలుగువాళ్ల సంక్రాంతి సంబరాల్లో కొత్తవాళ్లను మనం అడిగేవేమిటి? ఏ ఊరు, ఏ కంపెనీ, గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది. వీటిలో ఒక్కదానికీ పిల్లల దగ్గర జవాబుండదు. అందుకే గోడవారన ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. వాళ్లకు తెలుగు రాదని అవతల మనం నిట్టూరుస్తూ ఉంటాం.

ఈసారి ఉగాదికి పిల్లలు ‘మాయాబజార్’లో ఒక రంగం వేస్తామన్నారు. దుస్తులు, ఘటోత్కచుడి గద ఆన్‌లైన్లో తెప్పించేద్దామని వేడుకల కమిటీలో మాట వచ్చింది. నేను వద్దన్నాను. హాల్లో వంటగది పక్కన ఒక బల్ల వేయిద్దాం. కుట్టుమిషను నేను తెస్తాను, గ్లూ గన్ మావాడిది. కుట్లు విప్పే పని కూడా తనకే వదిలేయమన్నాడు.