పాటతో పాటు రక్తమూ కావాలి

తలసేమియా బాధితుల సహాయార్థం 2025 ఫిబ్రవరి 15న విజయవాడలో ఎన్‌టీఆర్ ట్రస్ట్ తమన్ సంగీత విభావరి నిర్వహించింది. సంతోషమే. కాని పాట ఒక రాత్రిది. వ్యాధి తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి.

పాలిపోయిన బిడ్డకు లోహభస్మం ఇమ్మని తల్లులు నన్ను అడుగుతుంటారు. పాండురోగ చికిత్సను గురుకులంలో అభ్యసించిన నేనే చెబుతున్నాను: తలసేమియాలో అది తగదు. ఎక్కించిన రక్తం వల్లనే దేహంలో ఇనుము పేరుకుపోతుంది.

చిరంజీవిగారు 1998లో నెలకొల్పిన రక్తనిధి జూబ్లీహిల్స్‌లోనే ఉన్నది. ఫిల్మ్‌నగర్ తారల అభిమానులు టిక్కెట్టు కొనడంతో సరిపుచ్చక రక్తమూ ఇవ్వాలి. జాతకాలు చూపించే పెద్దలు పెళ్లికి ముందే వధూవరులకు హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష చేయించాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు.