పిల్లల తప్పు కాదు, నేర్పని మన తప్పు

సంపాదకుల వారికి,

డిగ్రీ విద్యార్థులు పల్లెల్లో మత్తు అలవాట్లపై సర్వే చేస్తే తప్పుడు లెక్కలే వస్తాయని మీ వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోను. లెక్క తప్పేది వయసు చిన్నదై కాదు, శిక్షణ లేక.

మా వరంగల్ పల్లెల్లో "తాగుతవా?" అని అడిగితే లేదనేవాళ్లే ఎక్కువ. కల్లును వాళ్లు తాగుడు కింద జమకట్టరు. కానీ అందులో అల్ప్రాజోలం, డైజీపాం లాంటి మత్తుమందులు కలిస్తే కథ మారిపోతుంది. 2015లో కల్తీ కల్లును అడ్డుకోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మనుషులు వణుకుతూ, తమలో తాము మాట్లాడుకుంటూ ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే "రోజుకెన్ని సీసాలు? ఒక పూట తప్పితే చేతులు వణుకుతయా?" అని అడగడం నేర్పాలి. అదీ సర్పంచ్ అరుగు మీద నలుగురి ముందు కాదు, ఇంటి దగ్గర, మనిషి ఒప్పుకున్నాక, పేరు రాసుకోకుండా.

ఎంబీబీఎస్ విద్యార్థులు కుటుంబ దత్తత కార్యక్రమం కింద మొదటి ఏడే ఊళ్లకు పోతున్నారు. ఆ అనుభవాన్ని కాకతీయ మెడికల్ కాలేజీ, కాకతీయ విశ్వవిద్యాలయం కలిసి డిగ్రీ పిల్లలకూ పంచాలి. మానాలనుకునేవారిని ఎంజీఎం ఆసుపత్రికి ఎలా పంపాలో కూడా చెప్పాలి. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ప్రతి సర్వే ఫారం అడుగున 14446 ఉచిత సహాయ నంబరు అచ్చు వేయించమని అధికారులకు నా విన్నపం.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ