మిషన్ కంపెనీది, జేబు మనదా?

అల్ రాయ్‌లో నర్సరీల్లో, చెట్లు కోసే గ్యాంగుల్లో పనిచేసే మనవాళ్ల కోసం ఈ వారం మాట. కొంచెం కోపంగానే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

మొన్న ఒక రూములో విన్నా. ఖర్జూరం మట్టలు, కోనోకార్పస్ కొమ్మలు కోసే చైన్ రంపం స్టార్ట్ కావడం లేదంట. ఫోర్‌మన్ వచ్చి “ఇది అయిపోయింది, ఐదుగురూ తలా ఎనిమిది దినార్లు వేసుకుని శుక్రవారం బజార్లో పాతది ఒకటి తెచ్చుకోండి” అన్నాడంట. మనోళ్లు తలూపేశారు. ఒక్కడూ మిషన్ మూత విప్పి చూడలేదు. ఒక్కడూ “మేమెందుకు వేసుకోవాలి?” అని అడగలేదు.

ముందు ఈ రెండో సంగతి తేల్చుకుందాం. పని కంపెనీది, చెట్టు కంపెనీ కాంట్రాక్టుది, బిల్లు తీసుకునేది కంపెనీ. రంపం మాత్రం మన బియ్యం డబ్బుతోనా? 2010 నాటి 6వ నంబర్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం పనిలో మన భద్రతకు కావాల్సిన సామాను యజమానే ఇవ్వాలి, దానికి మన జీతంలో కోత పెట్టకూడదు. యజమానికి మనం బాకీ ఉన్నా సరే, నెలకు జీతంలో పదో వంతు కంటే ఎక్కువ పట్టుకోకూడదు. హెల్మెట్, గ్లౌజులకే మన దగ్గర తీసుకోకూడదంటే, రంపానికే తీసుకోవడం ఏం న్యాయం? ఇళ్లలో 20 నంబర్ వీసా మీద తోటపని చేసే తమ్ముళ్లకు వేరే చట్టం ఉంది, 2015 నాటి 68వ నంబర్. వాళ్లతో ప్రమాదమైన పనులు చేయించకూడదని అందులో ఉంది. ఎత్తు చెట్టెక్కి రంపం పట్టడం కంటే ప్రమాదం ఇంకేముంది?

కాబట్టి మొదటి మాట: చందాలు వేసుకోవద్దు. మిషన్ చెడిపోయిందని ఫోటో తీసి, తేదీ వేసి, ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో పెట్టండి. నోటి మాట గాలికి పోతుంది, మెసేజ్ ఉండిపోతుంది.

ఇక రెండో సంగతి. చెడిపోయింది అన్న ప్రతి మిషనూ చచ్చిపోలేదు. ఇక్కడి దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతుంది. ఖర్జూరం పీచు పోయి చైన్ మూత లోపల చుట్టుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి వదిలేసిన పెట్రోల్ పాడై కార్బురేటర్ జామవుతుంది. ప్లగ్ నల్లబడుతుంది. ఇవన్నీ చిన్న జబ్బులు. కోస్తుంటే ముక్కలు కాకుండా పిండి లాంటి పొడి రాలుతుంటే ఇంజన్ తప్పు కాదు, చైన్ మొద్దుబారింది. ఒక ఆకురాయి, పావుగంట పని.

పెద్ద జబ్బు ఒక్కటే, పిస్టన్. సైలెన్సర్ బోల్టులు విప్పితే రంధ్రంలోంచి పిస్టన్ కనిపిస్తుంది. నున్నగా ఉంటే రిపేరు చేయించండి. నిలువుగా గీతలు పడి ఉంటే, చాలాసార్లు ఆయిల్ కలపకుండా పెట్రోల్ పోసి కాల్చేశారని అర్థం. అప్పుడు రిపేరుకు ఒక్క ఫిల్స్ కూడా దండగ. ఈ తప్పు మనలోనూ ఉంది. యాభైకి ఒకటి అని రాసి ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కొలిచి పోయాలి. కంటి లెక్కన పోసి, తర్వాత మిషన్ నాసిరకం అంటే ఎట్లా?

“మెకానిక్ దగ్గర పెడితే నాలుగు రోజులు పని ఆగుతుంది” అంటారు. ఆగితే ఆగేది కంపెనీ పని. మన జేబులోంచి నలభై దినార్లు పోతే ఆగేది ఊళ్లో పిల్లోడి ఫీజు.

నా సంగతి చెప్తా, సిగ్గుపడుతూనే. మూడేళ్ల కిందట నేనూ ముప్పై ఐదు దినార్లు పెట్టి పాత రంపం కొన్నా. రంగు కొత్తగా ఉంది, పెద్ద కంపెనీ పేరుంది. పదిహేను రోజులకు చల్లబడిపోయింది. విప్పితే పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. అమ్మినవాణ్ణి ఏమనను? చూడకుండా డబ్బు తీసిచ్చింది నేను. కంపెనీ పాత మిషనుకు పోయింది కార్బురేటర్ పొర ఒక్కటేనని తర్వాత తెలిసింది.

ఒకవేళ కంపెనీ డబ్బుతోనే పాతది కొనుక్కురమ్మని మిమ్మల్ని పంపితే, ఇవి చూడకుండా ఒప్పుకోవద్దు.

1. ఆఫ్‌లో పెట్టి స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్‌ను లేపండి. ఆగి ఆగి మెల్లగా దిగాలి. సర్రున జారిందంటే లోపల దమ్ము లేదు.
2. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పది నిమిషాలు నడిచి ఆగాక మళ్లీ ఒకసారి స్టార్ట్ చేయించండి.
3. రేస్ వదిలేస్తే చైన్ తిరగకూడదు.
4. అట్టముక్క ఎదురుగా కొస పెట్టి రేస్ ఇస్తే ఆయిల్ చుక్కలు పడాలి.
5. ముందున్న గార్డును తోస్తే చైన్ ఠక్కున ఆగాలి. అది బ్రేకు. విరిగి ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.
6. సీరియల్ నంబర్ గీకేసి ఉంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. దొంగ సొత్తు అయితే రేపు పోలీసుల ముందు నిలబడేది మీరు.

ఐదోది మళ్లీ చదవండి. రంపం కొస గట్టి కొమ్మకు తగిలి మొహం మీదికి ఎగిరినప్పుడు చైన్‌ను ఆపేది ఆ బ్రేకే. నలభై దినార్లు మళ్లీ సంపాదించొచ్చు. చెయ్యి పోతే?

ఇంకో మాట కూడా వింటున్నా. “సొంత మిషన్ ఉంటే సెలవు రోజు బయట పని దొరుకుతుంది కదా అన్నా” అని. అనుమతి లేకుండా బయట పని చేస్తూ దొరికితే రంపం ఇక్కడ, నువ్వు విమానంలో. ఇంకా అప్పు తీరని తమ్ముడు ఆ పందెం కాయొద్దు.

నేను పాత మిషన్లకు శత్రువును కాను. పిస్టన్ బాగుంటే రిపేరు. పిస్టన్ పోతే, లేదా రిపేరు ఖర్చు మంచి సెకండ్ హ్యాండ్ ధరలో సగం దాటితే, వేరేది. ఏదైనా సరే, డబ్బు పని చేయించుకునేవాడిదే. రూములో ఐదుగురూ ఈ ఒక్క మాట మీద నిలబడండి. ఒక్కడు అడిగితే గొడవపడే మనిషి అంటారు, ఐదుగురు అడిగితే ఆలోచిస్తారు. డబ్బు కోత పెట్టారంటే జీతం స్లిప్పు, మెసేజ్‌లు దాచుకుని గ్రూపులో చెప్పండి. మ్యాన్‌పవర్ అథారిటీ దగ్గర ఫిర్యాదు రాయడానికి మనవాళ్లు సాయం చేస్తారు.

చదవడం రాని అన్నలకు వాయిస్ మెసేజ్ చేసి పంపండి. జాగ్రత్తగా పని చేసుకోండి.