పెద్దవాళ్లకు టీకా పడుతుందా? ఎవరిని అడగాలి?

అరవై దాటిన వారిని ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోమని డాక్టర్లు చెబుతుంటారు. పిల్లల టీకాల్లా ఇవి ప్రభుత్వ సార్వత్రిక కార్యక్రమంలో లేవు. అందుకే నిర్ణయం, ఖర్చు రెండూ ఇంటి మీదే పడుతున్నాయి. డాక్టర్ మాట కంటే వాట్సాప్ మాట ముందే ఇంటికి చేరుతోంది.

భయం ఎందుకు?

చాలా అరుదుగా రక్తం గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు పడిపోయే సమస్య తమ కొవిడ్ టీకాతో రావచ్చని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టుకు తెలిపినట్లు 2024లో వార్తలు వచ్చాయి. మన దగ్గర కొవిషీల్డ్ పేరుతో వేసింది ఆ టీకానే. వార్త నిజమే. అయితే ఆ సమస్య సాధారణంగా డోసు వేసిన ఆరు వారాల్లోపే బయటపడుతుంది. 2021లో వేయించుకున్న వారికి ఇప్పుడు గుండెపోటు వస్తే దానికి ముడిపెట్టలేం. ఫ్లూ టీకా తయారీ కూడా వేరు.

ఎవరిని అడగాలి?

ముందుగా మీ బీపీ, షుగర్ చూసే డాక్టర్‌ను. లేదంటే ఏలూరు సర్వజన ఆసుపత్రి, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రి, కైకలూరు సీహెచ్‌సీ. కొల్లేరు లంక గ్రామాల వారు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ద్వారా పీహెచ్‌సీ డాక్టర్‌ను కలవచ్చు.

ఏం అడగాలి?

మందుల చీటీలు, వాడే మాత్రల అట్టలు తీసుకెళ్లండి.

- నా జబ్బుకు ఈ టీకా పడుతుందా? క్యాన్సర్ మందులు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడేవారికి లైవ్ టీకాలు సాధారణంగా వేయరు.
- రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను, ఏ జాగ్రత్త తీసుకోవాలి? మాత్రలు సొంతంగా ఆపొద్దు.
- గతంలో టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చింది, ఇప్పుడు వేయించుకోవచ్చా?
- ఎన్ని డోసులు? ఎంత ఖర్చు?

చీటీలు చూడకుండా ‘అందరికీ మంచిదే’ అన్నా, ‘అస్సలు వద్దు’ అన్నా అది మీకిచ్చిన సలహా కాదు.

తర్వాత ఇబ్బంది వస్తే?

చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. టీకా వేశాక అరగంట అక్కడే ఉండండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి. టీకా వల్లే అని తేలకపోయినా పీహెచ్‌సీకి చెప్పండి. తీవ్రమైన కేసుల్లో కారణాన్ని నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. మందుల దుష్ప్రభావాల జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.

2020 డిసెంబరులో ఏలూరును వణికించిన వింత వ్యాధి విషయంలోనూ పుకార్లు తేల్చిందేమీ లేదు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షల్లోనే బయటపడింది. టీకా మీద అనుమానం వచ్చినా అంతే: అది గ్రూపులో తిరగడం కాదు, డాక్టర్ దాకా వెళ్లాలి.